ముక్క నాలిక మీద పెట్టి చూశారా?

కిందటి వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని చదివి పక్కన పెట్టలేకపోయాను. రాసినావిడ ఒక చిన్న ఊళ్లో గృహిణి. ఉత్తరం ఇలా ఉంది:

"డాక్టరుగారూ, మా పెరట్లో చెత్తగుంట పక్కన ఆనప పాదు దానంతటదే మొలిచింది. ఎవరూ పెట్టలేదు, ఎరువూ వేయలేదు. గోడెక్కి వంటింటి కప్పు మీదకి పాకింది. కాయలు నవనవలాడుతున్నాయి. తీరా కూర వండితే ఒకటే చేదు! మొదటి ముద్దకే తెలిసి ఉమ్మేశాం. పక్కింటి పిన్నిగారు, కాకర పాదు పక్కనే ఉంది గనక దాని చేదు దీనికి పట్టిందంటున్నారు. మా అత్తగారేమో చేదు ఒంటికి మంచిదే, మీ మామగారికి షుగరు కదా, రసం తీసి ఇవ్వమంటున్నారు. ఇంకా నాలుగు కాయలున్నాయి. పారేయడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? ఇంకో సంగతి. పిందెలు చాలా వరకు పసుపు రంగుకి తిరిగి రాలిపోతున్నాయి. దానికేమైనా మందుందా?"

అమ్మా, ముఖ్యమైన జవాబు ముందే చెప్పేస్తాను. ఆ కాయలు వండకండి. రసం తీయకండి. మీ మామగారికి ఒక్క చెంచా కూడా ఇవ్వకండి. నాలుగు కాయలూ గొయ్యి తీసి పాతిపెట్టండి. పశువులకీ వేయకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చేదు నేను తాగినవాణ్ణి. ఈ సంగతి ఇంతవరకు ఈ శీర్షికలో రాయలేదు. సిగ్గుపడి రాయలేదు. మీ ఉత్తరం చూశాక ఇంకా దాచడం తప్పనిపించింది.

మా పెరటి కథ

అది 2013 మే నెల. అప్పటికి మేం కాకినాడలో ఉన్నాం. నాకు యాభై అయిదేళ్లు. అంతకు ముందు ఏడాదే షుగరు బయటపడింది. పొద్దున్నే నాతో నడకకు వచ్చే మిత్రులు తలొక వైద్యమూ చెప్పేవారు. వైద్యుడికే వైద్యం చెప్పడంలో ఒక సరదా ఉంటుంది కాబోలు! అందరి నోటా వినబడింది ఒకటే మాట: "పరగడుపున ఆనపకాయ రసం తాగి చూడండి సార్!"

మా ఇంట్లోనూ మీ ఇంట్లో లాగే ఒక పాదు దానంతటదే మొలిచింది. ఎక్కడి విత్తనమో తెలీదు. మా అమ్మ దానికి పందిరి వేయించింది. ఏప్రిల్ ఆఖర్న బంధువుల ఇంట్లో పెళ్లికని అందరం వెళ్లి పది రోజులు ఊళ్లో లేం. ఎండలు మండిపోతున్నాయి. నీళ్లు పోసే దిక్కు లేదు. తిరిగొచ్చేసరికి ఆకులు వడిలి వేలాడుతున్నాయి గానీ, చేతి పొడుగు కాయ ఒకటి మాత్రం పందిరికి వేలాడుతూ కనబడింది. అమ్మ పెళ్లి నుంచి అటే మా తమ్ముడింటికి వెళ్లింది. ఇంట్లో నేనూ, మా ఆవిడా.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి నేనే కాయ కోసి, చెక్కు తీసి, మిక్సీలో వేసి, గుడ్డలో వడగట్టాను. ఒక పెద్ద గ్లాసు నిండింది. కొంచెం ఉప్పు, నిమ్మరసం, అల్లం కలిపాను. మా ఆవిడకీ అరగ్లాసు పోశాను. ఆవిడ రెండు గుక్కలు తాగి మొహం ముడుచుకుంది.

"ఏమండీ, ఇంత చేదుగా ఉందేమిటి? నాకేదో తేడాగా ఉంది. పారేద్దాం."

"మందు చేదుగా ఉండక తియ్యగా ఉంటుందా?" అన్నాను నేను. గ్లాసెత్తి గటగటా తాగేశాను.

అరగంట కాలేదు. పొట్ట పైభాగంలో నిప్పు పెట్టినట్టు మంట. తరవాత వాంతి. మళ్లీ వాంతి. విరేచనాలు. ఒళ్లంతా చెమటలు. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి. ఎదురింటి అబ్బాయి ఆటో తెచ్చి హాస్పిటలుకి తీసుకెళ్లాడు.

నేను చేసిన రెండో తప్పు అక్కడ జరిగింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నన్ను ఎరిగినవాడే. "పొద్దున్నే ఏం తీసుకున్నారు సార్?" అని అడిగాడు. పదిమందికి బుద్ధులు చెప్పేవాణ్ణి, ఆనపకాయ రసం తాగి పడ్డానని చెప్పడానికి నోరు రాలేదు. "రాత్రి భోజనం ఏదో తేడా చేసినట్టుంది" అన్నాను. యాభై అయిదేళ్ల మనిషి, షుగరు, పొట్ట పైన నొప్పి, చెమటలు, పడిపోయిన రక్తపోటు. ఆ అబ్బాయి ఏమనుకోవాలి? గుండెపోటనుకున్నాడు. ఇ.సి.జి. తీశాడు, రక్తపరీక్షలకి పంపించాడు. గంటసేపు ఆ దారిలోనే పోయింది. ఈలోగా నాకు వాంతిలో రక్తం పడింది.

మా ఆవిడకీ కడుపునొప్పి పట్టుకుంది. అయినా ఇంటికి తాళం పెట్టి, మిగిలిన రసం ఉన్న గ్లాసు చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చింది. "ఇదండీ తాగింది, చేదుగా ఉందంటే వినలేదు" అని డాక్టరు బల్ల మీద పెట్టింది. అప్పటికి గాని అసలు వైద్యం మొదలు కాలేదు. రెండు చేతులకీ సెలైన్లు పెట్టారు. కడుపులోకి గొట్టం వేసి చూస్తే లోపలి పొర అంతా ఎర్రగా పుండు పడి ఉంది. నాలుగు రోజులు మంచం మీద ఉన్నాను. రెండు గుక్కలు తాగిన మా ఆవిడ ఒక్క రోజులో తేరుకుంది. ఆవిడ గ్లాసు తేవడం ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను.

కబురు తెలిసి అమ్మ వచ్చింది. మంచం పక్కన కూర్చుని నా తల నిమిరి ఒకటే మాట అడిగింది:

"ఏరా, ముక్క నాలిక మీద పెట్టి చూసుకోలేదట్రా?"

నాకు జవాబు లేకపోయింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. బీరకాయ గానీ, ఆనపకాయ గానీ, దోసకాయ గానీ, పొట్లకాయ గానీ తరిగే ముందు అమ్మ చిన్న ముక్క కోసి నాలిక చివర ఆనించి చూసేది. చేదనిపిస్తే కాయ మొత్తం పెంటమీదకి పోయేది. అది చాదస్తం అనుకున్నాను గానీ, అంత చదువు చదివీ, అది ఒక పరీక్ష అని తోచలేదు.

ఇంకా సిగ్గుపడే సంగతి ఒకటుంది. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒకాయన చనిపోయిన వార్త నేనూ పేపర్లో చదివాను. ఆ తరవాత భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల సంఘం వేసింది. వారి నివేదిక 2012లో ఆ మండలి పత్రికలో అచ్చయింది. అదీ తిరగేశాను. అది బజార్లో రసాలు తాగేవాళ్ల గొడవ, మా పెరటి కాయకేం అనుకున్నాను. నిజానికి బజారు కాయకంటే పెరట్లో దానంతటదే మొలిచిన పాదునే ఎక్కువ అనుమానించాలి. ఎందుకో చెబుతాను.

ఈ చేదు ఎక్కడిది?

ఆనపకాయ అనండి, సొరకాయ అనండి, దోస, బీర, పొట్ల, గుమ్మడి, పుచ్చ, ఇవన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబంలోని మొక్కలకు కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాలు తయారు చేసుకునే గుణం పుట్టుకతోనే ఉంది. పురుగులూ పశువులూ తమను తినకుండా కాపాడుకోవడానికి మొక్క వేసుకున్న కంచె అది. అడవి రకాలన్నీ చేదే. వేల ఏళ్లుగా మన రైతులు చేదు లేని కాయల విత్తనమే దాచి, చేదు కాయలను ఏరి పారేసి, మనం తినే తియ్యటి రకాలను తయారు చేశారు.

అయితే ఆ పాత గుణం పూర్తిగా పోలేదు. అది తిరిగి రావడానికి రెండు దారులున్నాయి.

మొదటిది విత్తనం. తియ్యటి ఆనప పూవు మీద ఎక్కడో దగ్గర్లో ఉన్న చేదు ఆనప పుప్పొడి పడిందనుకోండి. ఆ ఏడు కాయకి ఏమీ కాదు, కమ్మగానే ఉంటుంది. చేదు దాని గింజల్లో దాక్కుంటుంది. ఆ గింజలు చెత్తలో పడి మరుసటి ఏడు మొలిస్తే, ఆ పాదు కాయలు చేదెక్కుతాయి. చెత్తగుంటలో మొలిచిన పాదుకి తల్లి ఎవరో, తండ్రి ఎవరో మనకి తెలియదు కదా!

రెండోది మొక్క పడే కష్టం. మండే ఎండ, నీళ్లు లేకపోవడం, ఒకరోజు ముంచేసి వారం రోజులు ఎండగట్టడం, సారం లేని మట్టి, ఇలాంటప్పుడు చేదు పెరుగుతుంది. మా పాదుకి ఈ రెండూ కలిసొచ్చాయి.

మీ పక్కింటి పిన్నిగారి మాట మాత్రం నిజం కాదు. కాకర వేరే జాతి. ఆనపతో దానికి సంకరం కలవదు. పక్కపక్కనే పాకినా, తీగలు పెనవేసుకున్నా చేదు అంటుకోదు. కాకర పాదుని నిరభ్యంతరంగా ఉంచుకోండి.

మీరు అడగబోయే ప్రశ్నలు

"కాకరకాయ చేదు తింటున్నాం గదా, ఇది తింటే ఏం?" అంటారు. కాకరలో చేదునిచ్చే పదార్థాలు వేరు. తరతరాలుగా కూరగా తిని చూసినవి. గుర్తుంచుకోవలసింది ఒకటే. చేదుగా ఉండవలసిన కాయ చేదుగా ఉంటే పరవాలేదు. చేదుగా ఉండకూడని కాయ చేదుగా ఉంటే అది విషం.

"బాగా ఉడికిస్తే పోదా?" పోదు. ఈ పదార్థం వేడికి విరగదు. 2015లో జర్మనీలో ఒక వృద్ధుడు పొరుగువారి తోటలో కాసిన జుక్కినీ, అంటే గుమ్మడి జాతి కాయ, ఇంట్లో కూర వండుకు తిని చనిపోయాడు. చేదుగా ఉందని భార్య కాస్త తిని మానేసింది. ఆవిడ బతికింది. ఆయన తిన్నది ఉడికిన కూరే.

"ఉప్పు రాసి పిండితే?" దోసకాయ చివర కోసి, ఆ ముక్కతో రుద్ది నురగ తీయడం మనకి అలవాటే. దోసకాయలో చేదు తొడిమ వైపు ఎక్కువగా ఉంటుంది గనక ఆ వైపు కాస్త కోసి పారేస్తే మిగతాది బాగుండవచ్చు. ఆ తరవాత మళ్లీ రుచి చూడండి. ఇంకా చేదుంటే మొత్తం పారేయండి. ఆనపకాయకి ఈ బేరం కూడా లేదు. ఏ కొంచెం చేదున్నా కాయంతా పారేయవలసిందే.

"షుగరు తగ్గుతుందట గదా?" ఆనపకాయ కూర షుగరు ఉన్నవారికి మంచి కూరే. అందులో అధిక భాగం నీరు, కాస్త పీచు. తేలిగ్గా అరుగుతుంది. అంతమాత్రాన రసం మందు కాదు. రసం నమ్ముకుని మాత్రలు మానేసిన వాళ్లని నేను చూశాను. దయచేసి మీ మామగారి చేత ఆ పని చేయించకండి.

రసంలో ఇంకో చిక్కుంది. కూర అయితే మొదటి ముద్దకే చేదు తెలిసి ఉమ్మేస్తాం. మీరూ అదే చేశారు. అదే మిమ్మల్ని కాపాడింది. రసమైతే కాయంతటి సారం గ్లాసులోకి దిగి, ఒక్క గుక్కలో కడుపులోకి పోతుంది. పైగా నిమ్మకాయ, అల్లం, కాకర రసం కలిపితే అసలు చేదు ఏదో, కొసరు చేదు ఏదో తెలియదు. అందుకే ఆ నిపుణుల సంఘం, తాగేవారు ముందు ముక్క రుచి చూడాలని, సొరకాయ రసంలో ఇంకే రసమూ కలపకూడదని స్పష్టంగా చెప్పింది. పార్కుల దగ్గర బండ్ల మీద కలిపి ఇచ్చే రసాలకు దూరంగా ఉండమని నా సలహా. ఆ కాయ రుచి ఎవరు చూశారో మీకు తెలియదు గదా!

పరీక్ష ఎలా చేయాలి?

ఇది కాణీ ఖర్చు లేని పరీక్ష. కాయ రెండు చివరల నుంచీ చిన్న ముక్క కోసి, నాలిక మీద పెట్టి, ఒకసారి కొరకండి. చేదనిపిస్తే మింగకుండా ఉమ్మేసి నోరు పుక్కిలించండి. నాలుగు బీరకాయలు తరిగితే నాలుగింటినీ విడివిడిగా చూడాలి. ఒకటి బాగుందని రెండోదాన్ని నమ్మకూడదు.

జలుబు చేసి గానీ, జ్వరం వచ్చి గానీ నోరు బాగా లేనివాళ్లు, వయసు మీరి రుచి సరిగా తెలియనివాళ్లు ఈ పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి. పిల్లలు "చేదుగా ఉంది" అని కంచం నెట్టేస్తే, పెంకితనం అనుకుని బలవంతాన తినిపించకండి. ముందు మీరు ఒక ముద్ద రుచి చూడండి.

పొరపాటున కడుపులోకి పోతే

చేదు కాయ తిన్నాక, రసం తాగాక కొద్ది నిమిషాల్లో గానీ, కొన్ని గంటల్లో గానీ కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, తల తిరగడం కనిపిస్తే ఇంట్లో వైద్యాలు పెట్టుకోకండి. మజ్జిగ, పసుపు పాలు అంటూ కాలయాపన చేయకండి. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. వెంటనే హాస్పిటలుకి తీసుకెళ్లండి. పిల్లలూ, ముసలివాళ్లూ త్వరగా నీరసించి పోతారు.

దీనికి విరుగుడు మందంటూ లేదు. సెలైను పెట్టి, రక్తపోటు నిలబెట్టి, కడుపు పుండు మానేదాకా కాపాడటమే వైద్యం. వేళకి వెళితే చాలామంది తేరుకుంటారు. వెళ్లగానే "చేదు ఆనపకాయ తిన్నాం" అని మొదటి మాటగా చెప్పండి. మిగిలిన కాయ ముక్కో, రసమో ఉంటే వెంట తీసుకెళ్లండి. నాలా సిగ్గుపడి గంట పోగొట్టుకోకండి.

ఇక పాదు సంగతి

ఆ పాదు మీద మమకారం వద్దు. మొదటి కాయ చేదైతే మిగతావీ నమ్మదగ్గవి కావు. పీకేయండి. దాని గింజలు దాచకండి. మంచి విత్తనాల పాకెట్టు కొని, పాత మట్టిలో కాస్త మాగిన పేడ ఎరువు కలిపి కొత్త పాదు పెట్టుకోండి. నీళ్లు ఒక పద్ధతిగా పోయండి. ఎండాకాలం మొదట్లో ఎండుటాకులు పరిస్తే తడి ఆరదు. ఊరికి వెళితే పక్కింటి పిన్నిగారికి నీళ్ల పని అప్పగించండి! గోరు నొక్కితే దిగేంత లేతగా ఉన్నప్పుడే కాయ కోయండి.

పిందెలు రాలడానికి మందు అక్కర్లేదు. ఆనప పాదుకి మగపూలు వేరు, ఆడపూలు వేరు. పూవు వెనక చిన్న పిందె ఉంటే ఆడపూవు, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగపూవు. మగపూవు పుప్పొడి అందని పిందె పసుపుబారి రాలిపోతుంది. ఈ పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. రాత్రి తిరిగే చిమ్మటలు రాకపోతే ఆ పని మీరు చేయవచ్చు. పొద్దుగూకే వేళ అప్పుడే విచ్చిన మగపూవు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపూవు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక మగపూవు రెండు మూడు ఆడపూలకి సరిపోతుంది. పూలున్న వేళ పురుగుమందు కొట్టకండి.

విత్తనం మీరే దాచుకోవాలనుకుంటే, విచ్చుకోబోయే ఆడపూవుకీ మగపూవుకీ మధ్యాహ్నమే పల్చటి గుడ్డ సంచి తొడగండి. సాయంత్రం అదే పాదు మగపూవుతో అద్ది, మళ్లీ రెండు రోజులు సంచి కట్టి ఉంచండి. అప్పుడు చేదు పుప్పొడి దూరే వీలుండదు. అయినా ఆ గింజల పాదుకి కాసిన కాయ కూడా రుచి చూశాకే వండాలి.

ఇదంతా చదివి ఆనపకాయ అంటేనే భయపడకండి. పథ్యానికి అంతటి కూర మరొకటి లేదు. మా ఇంట్లో ఇప్పటికీ వారానికి ఒకసారి పాలు పోసిన ఆనపకాయ కూరో, ముక్కల పులుసో ఉంటుంది. అమ్మ ఇప్పుడు లేదు. ఆ పని నాకొచ్చింది. కత్తిపీట దగ్గర మా ఆవిడ ముక్క కోసి నా చేతిలో పెడుతుంది. నేను నాలిక మీద పెట్టుకుని "బాగుంది" అన్నాకే మిగతా కాయ తరుగుతుంది. మొన్న సెలవులకి వచ్చిన మనవరాలు "తాతా, నేను చూస్తా" అని చెయ్యి చాపింది. దానికీ ఒక చిన్న ముక్క ఇచ్చి, చేదైతే మింగకూడదని నేర్పాను.

మీ ఇంట్లోనూ ఈ రోజే మొదలుపెట్టండి. మీ అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి. ఆవిడ మీద కోపం వద్దు. చేదు మందవుతుందని ఆవిడ కన్నా గట్టిగా నమ్మినవాణ్ణి నేను.